మంచు వాంఛనీయం

కొలిమిగుట్ట మునిసిపాలిటీకి ఐస్ హాకీ జట్టు మంజూరైన రోజున ఊళ్ళో నలభై ఆరు డిగ్రీల ఎండ కాస్తోంది. సున్నపురాయి క్వారీల నడుమ ఉన్న ఊరది. ఏప్రిల్ వచ్చిందంటే కాకులు కూడా మునిసిపల్ ఆఫీసు వరండాలోకి నడిచివచ్చి అర్జీదారుల పక్కన నిలబడతాయి. అలాంటి ఊరికి ఐస్ హాకీ ఎలా వచ్చిందంటే, చీటీల్లో వచ్చింది.

అంతకు మూడు నెలల ముందు రాజధానిలోని పెద్ద అధికారులు నలుగురు ఒక చలిదేశానికి అధ్యయన యాత్రకు వెళ్ళివచ్చారు. వాళ్ళు రాసిన రెండొందల పేజీల నివేదికలో ఒక్క వాక్యమే అందరికీ అర్థమైంది. ఆ దేశం బాగుపడటానికి కారణం, అక్కడివాళ్ళు మన దగ్గర లేని ఆటలు ఆడటమేనట. దాంతో ‘లేని ఆటను దత్తత తీసుకుందాం’ అనే పథకం పుట్టింది. ప్రతి మునిసిపాలిటీ తన పరిధిలో ఎవరూ ఆడని ఆటను ఒకదాన్ని దత్తత తీసుకుని పెంచి పెద్దచేయాలి. ఏ ఊరికి ఏ ఆట అనేది తేల్చడానికి చీటీలు తీశారు. గుట్టన్నది కంటితో చూడని ఒక తీరప్రాంతపు ఊరికి పర్వతారోహణ వచ్చింది. మూడేళ్ళుగా చెరువు నిండని ఊరికి తెరచాప పడవల పందెం వచ్చింది. ఐస్ హాకీ మాత్రం నాలుగు ఊళ్ళకు వచ్చింది. నాలుగు జట్లుంటే లీగు పెట్టవచ్చు కనుక లీగు కూడా పెట్టేశారు.

ఈ వార్త అందరికంటే ఆలస్యంగా తెలిసింది సైదులు మాస్టారికి. ఆయన హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు. ఇరవై ఆరేళ్ళుగా ఊరి మైదానంలో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పుతున్నారు. ఆయన దగ్గర ఆడిన పిల్లలు జిల్లా అంతటా పోలీసు ఉద్యోగాల్లో ఉన్నారు. దొంగ కనబడితే ముందు చీలమండ పట్టుకుంటారని వాళ్ళకు పేరు. ఇప్పటి జట్టుకు కెప్టెన్ రిబ్కా. క్వారీలో రాళ్ళు కొట్టే దంపతుల కూతురు. ఇంటర్ పూర్తయి బడి దాటిపోయినా మైదానం మాత్రం దాటలేదు. వచ్చే నెల జోనల్ పోటీల్లో గెలిచి సర్టిఫికెట్ తెచ్చుకుంటే, వ్యాయామ విద్య కాలేజీలో స్పోర్ట్స్ కోటా సీటు వస్తుందని ఆ పిల్ల ఆశ.

ఒకనాడు తెల్లవారి మాస్టారు పిల్లలతో మైదానానికి వెళ్ళేసరికి గేటుకు తాళం వేసి ఉంది. పక్కనే కొత్త బోర్డు.

“మంచు మైదానం. ఇతర ఆటలు నిషేధం. జారిపడినచో మునిసిపాలిటీ బాధ్యత వహించదు.”

రిబ్కా గేటు సందులోంచి చూసింది. లోపల ఎప్పటిలాగే ఎర్రదుమ్ము లేస్తోంది.

“మాస్టారూ, యాడ జారాలంట?” అంది.

మాస్టారు నేరుగా కమిషనర్ పరాంకుశం గారి దగ్గరికి నడిచారు.

పరాంకుశం గారు మంచి మనిషి. మాట్లాడితే మాత్రం ఉత్తర్వు చదువుతున్నట్టుండేది. ఇంట్లో కూడా “మజ్జిగ విషయమై తగు చర్యలు గైకొనవలసినది” అంటారని గిట్టనివాళ్ళు అంటారు.

“అయ్యా, మా పిల్లలకు నెలరోజుల్లో పోటీలున్నాయి. గ్రౌండు తాళం ఇప్పించండి,” అన్నారు మాస్టారు.

“మాస్టారూ, సదరు మైదానం దత్తత క్రీడ నిమిత్తం యుద్ధప్రాతిపదికన స్వాధీనపరచుకోబడినది. లీగు ముగిసిన పిమ్మట తమ వినతి పరిశీలించబడును.”

“లీగా? మనూళ్ళో మంచు యాడుందండి?”

పరాంకుశం గారు జాలిగా నవ్వి, టేబుల్ మీది ఫైలు తిప్పారు. “ఇది ద్వితీయ శ్రేణి లీగు. తేడా గమనించండి. ప్రథమ శ్రేణికి మంచు తప్పనిసరి. ద్వితీయ శ్రేణికి మంచు వాంఛనీయం.”

“అంటే?”

“ఉంటే మంచిది. లేకపోతే ఆ మేరకు ఒక ధ్రువీకరణ పత్రం జతపరచాలి.” ఆయన పెన్ను మూత తీశారు. “అన్నట్టు, ఈ జట్టుకు కోచ్ కావాలి. మైదానం విడిచి ఉండలేనని మీరే మౌఖికంగా తెలిపారు కనుక మిమ్మల్నే నియమిస్తున్నాను.”

వెళ్ళేటప్పుడు కబడ్డీ కోచ్‌గా వెళ్ళిన మాస్టారు, వచ్చేటప్పుడు ఐస్ హాకీ కోచ్‌గా వచ్చారు. దారిలో సోడా కొట్టు దగ్గర ఆగి, గ్లాసులో ఐసు ముక్క వేయించుకుని, కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు.

జట్టు ఎంపికకు ఒకే అర్హత: మంచుతో పూర్వానుభవం. దండోరా వేయించారు. తొమ్మిదిమంది వచ్చారు. వాళ్ళలో పుల్ల ఐసు అమ్మే అతనున్నాడు, ఐసులో చేపలు పెట్టుకుని అమ్మే ఆవిడ ఉంది, ఫ్రిజ్జులు బాగుచేసే మెకానిక్ ఉన్నాడు. అందరిలోకీ అనుభవజ్ఞుడు యోహాను. చనిపోయినవాళ్ళను పెట్టే ఫ్రీజర్ బాక్సులు అద్దెకిచ్చే వ్యాపారం అతనిది. కదలకుండా ఉండే వ్యవహారాలు అలవాటని అతన్ని గోల్‌కీపర్‌గా రాశారు.

వాళ్ళకోసం రాజధాని నుంచి ఉన్ని చేతిజోళ్ళు, హెల్మెట్లు, ఒంపు తిరిగిన కర్రలు, గోటీబిళ్ళను గుండ్రంగా చేస్తే ఎలా ఉంటుందో అలాంటి నల్లటి రబ్బరు బిళ్ళ ఒకటి వచ్చాయి. అడుగున ఇనప పట్టీలున్న బూట్లు కూడా వచ్చాయి కానీ, అవి మైదానం దాకా రాలేదు. అప్పుడు ఎన్నికల కోడ్ అమల్లో ఉంది. చెక్‌పోస్టు దగ్గర పెట్టె విప్పించిన ఎస్సై ఒక బూటు తీసి, పట్టీ మీద బొటనవేలు ఆనించి చూశాడు.

“జతకి రెండు కత్తులు. మొత్తం పద్దెనిమిది జతలు. కాళ్ళకి కట్టుకుని తిరుగుతారా? ఈ ఊళ్ళో చేతులతోటే ఆగట్లేదు,” అని మారణాయుధాల కింద స్వాధీనం చేసుకున్నాడు.

మొదటి సాధన రోజున, పత్రికలవాళ్ళు వస్తారని, పరాంకుశం గారు మంచు కూడా తెప్పించారు. ఐసు ఫ్యాక్టరీ నుంచి రెండు లారీల దిమ్మలు తెల్లవారుజామునే మైదానంలో పరిపించారు. ఆరుగంటలకు నిజంగానే మంచు మైదానంలా ఉంది. చూసి మాస్టారే ఒక్క క్షణం నమ్మారు. తొమ్మిదింటికి రావలసిన ముఖ్య అతిథి పదకొండింటికి వచ్చారు. అప్పటికి మైదానంలో మోకాటి లోతు బురద, గేటు బయట బిందెలతో ఊరు ఊరంతా ఉన్నాయి. ముఖ్య అతిథి కొబ్బరికాయ కొట్టి, బురదలోకి పూలు చల్లి, మంచు యొక్క విశిష్టత గురించి నలభై నిమిషాలు మాట్లాడి వెళ్ళారు. ఆ సాయంత్రం పరాంకుశం గారు నివేదికలో ఇలా రాశారు: “మంచు సంపూర్ణంగా సరఫరా చేయబడినది. ప్రస్తుతం ద్రవరూపంలో నిల్వ ఉన్నది.”

మర్నాడు జట్టే లేకుండా పోయింది. నడివేసవి కాలంలో పుల్ల ఐసు బండి వదిలి ఆటకు రావడం ఎవరి తరం? చేపలావిడ “నా సరుకు మీ ఆటకోసం కుళ్ళిపోవాలా అయ్యా?” అని నిలదీసింది. యోహాను అయితే గోల్‌లో నిలబడ్డ పది నిమిషాలకే ఫోన్ వచ్చి, హెల్మెట్ కూడా తీయకుండా బాక్సు తీసుకుని చావింటికి వెళ్ళిపోయాడు. అక్కడివాళ్ళు అతన్ని చూసి ఏడుపు ఆపేశారట.

మాస్టారు ఖాళీ మైదానంలో కర్రల కట్ట పక్కన కూర్చున్నారు. జట్టు ఆడకపోతే లీగు ముగియదు. లీగు ముగియకపోతే గ్రౌండు రాదు. గేటు బయట రిబ్కా, మిగతా ఆరుగురు పిల్లలు వారం రోజులుగా వస్తున్నట్టే వచ్చి నిలబడ్డారు.

“మాస్టారూ, ఐస్ హాకీ ఎట్టా ఆడతారో కమిషనర్ గారికి తెలుసా?” అని అడిగింది రిబ్కా.

“తెలవదమ్మా. రూల్సు పుస్తకం ఇంకా ప్రింటింగులో ఉందంట.”

“మీకు?”

“నాకూ తెలవదు.”

“అయితే మాకు తెలుసు. తాళం తీయండి.”

మాస్టారు ఆ పిల్ల ముఖంలోకి చూశారు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆయన ఒక్క అబద్ధపు సంతకం పెట్టి ఎరగరు. చాలాసేపు విజిల్ నిమురుకుంటూ ఆలోచించి, లేచి తాళం తీశారు.

మర్నాటి నుంచి కొలిమిగుట్ట ఐస్ హాకీ జట్టు రోజుకు రెండుపూటలా సాధన చేసింది. పిల్లలు ఏడుగురూ హెల్మెట్లు పెట్టుకున్నారు. కర్రలను మైదానం మధ్యలో నడిగీతగా పరిచారు. బిళ్ళను జారిపోకుండా రిబ్కా నడుముకు కట్టుకుంది. ఒక పిల్ల గీత దాటి అవతలి పక్షంలోకి వెళ్ళి, ఒక్క గుక్కలో “హాకీ హాకీ హాకీ హాకీ” అని కూత పెడుతూ, అందినవాళ్ళను తాకి వెనక్కి వచ్చేది. రాకముందే అవతలివాళ్ళు కాలు పట్టుకుంటే ఆ పిల్ల అవుటు.

నాలుగో రోజున పరాంకుశం గారు తనిఖీకి వచ్చారు. గొడుగు కింద నిలబడి అరగంట చూశారు. మాస్టారు పక్కనే ఎండలో నిలబడ్డారు.

“అద్భుతం,” అన్నారు పరాంకుశం గారు. “ఇంత వేగవంతమైన క్రీడ అని నాకు తెలియదు. ఇది చూసిన తర్వాత మన కబడ్డీ వగైరాలు కొంత చప్పగా అనిపించును.”

“అవునండి,” అన్నారు మాస్టారు నేల చూస్తూ.

పరాంకుశం గారు ఆ ఉత్సాహంలోనే పిల్లల పేర్లను ఐస్ హాకీ క్రీడాకారిణులుగా రాజధానికి పంపారు. ఆ కాగితమే కొంప ముంచింది. నెల తిరిగి జోనల్ కబడ్డీ పోటీలకు వెళ్ళేసరికి, నమోదు బల్ల దగ్గర కూర్చున్న అధికారి జాబితా చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు.

“వీళ్ళు శీతల క్రీడాకారిణులు. ఇక్కడ ఆడటానికి వీల్లేదు.”

“సార్, వీళ్ళు చిన్నప్పటి నుంచీ కబడ్డీయే...”

“రికార్డు ప్రకారం వీళ్ళకు మంచు అలవాటు. ఈ ఎండలో ఆడించి ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది? మీరు రాసిస్తారా?”

రాసివ్వడానికి మాస్టారు సిద్ధమే. అయితే ఆ రాసివ్వవలసిన ఫారం ఇంకా తయారు కాలేదు. తిరుగు బస్సు ఎక్కారు. రిబ్కా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఊరు దగ్గరపడుతుండగా మాస్టారు మెల్లగా అన్నారు. “తప్పు నాదేనమ్మా. ఆ రోజు తాళం తీయకుండా ఉండాల్సింది.”

“తీయమన్నది నేను గదా మాస్టారూ,” అంది రిబ్కా తల తిప్పకుండానే. తర్వాత కాసేపటికి, “ఆ హాకీ లీగు గెలిస్తే సర్టిఫికెట్ ఇస్తారా?” అని అడిగింది.

లీగులో నాలుగు జట్లున్నాయని చెప్పుకున్నాం గదా. వాటిలో ఒకటి కాగితం మీద పుట్టి కాగితం మీదే పోయింది. రెండో జట్టులో ఉన్నవాళ్ళంతా గుమాస్తాలు కావడంతో ఎన్నికల డ్యూటీకి వెళ్ళిపోయారు. మిగిలింది గోదావరి లంకల దగ్గరి ఉప్పులేరు. కాబట్టి లీగులో జరిగిన మొదటి ఆటే చివరి ఆట కూడా అయింది. కొలిమిగుట్టలోనే ఫైనల్.

ఉప్పులేరు జట్టు బస్సు దిగింది. తొమ్మిదిమంది పిల్లలు, భ్రమరాంబ అనే వ్యాయామ ఉపాధ్యాయురాలు. అందరూ సర్కారువారు ఇచ్చిన ఉన్ని స్వెట్టర్లు వేసుకుని ఉన్నారు. ఆ పిల్లలు గ్రౌండులోకి వస్తూనే అలవాటుగా ఒక వరుసలో, ఒకరు ఇటు ఒకరు అటు ముఖం పెట్టి గొంతుకూర్చున్నారు. మాస్టారు అది చూసి, భ్రమరాంబ గారిని పక్కకు పిలిచారు.

“అమ్మా, మీరు ఆడేది...”

“ఐస్ హాకీయేనండి,” అంది ఆవిడ గబుక్కున.

“మాదీ ఐస్ హాకీయేనండి. మా దాంట్లో కూత పెడతారు.”

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “మా దాంట్లో వరుసగా కూర్చుని, వెనకనుంచి తట్టి ‘హా’ అంటామండి. ఇదివరకు ‘ఖో’ అనేవాళ్ళం. మా గ్రౌండు కూడా లాక్కున్నారండి, ఏం చేయమంటారు?”

ఇద్దరికీ విషయం అర్థమైంది. ఈలోగా రిబ్కా, అవతలి కెప్టెన్ కలిసి విషయం తేల్చేశారు. మొదటి సగం కొలిమిగుట్ట ఐస్ హాకీ, రెండో సగం ఉప్పులేరు ఐస్ హాకీ. ఏ సగంలో వచ్చిన పాయింట్లయినా కలిపి లెక్క.

అప్పుడే లీగు కార్యదర్శి కారు వచ్చి ఆగింది. అందులోంచి దిగిన మనిషి ఎవరో వినగానే మాస్టారు రెండడుగులు వెనక్కి వేశారు. కార్యదర్శి ముఖ్య అతిథిగా లడఖ్ నుంచి ఒక నిజమైన ఐస్ హాకీ ఆటగాడిని తీసుకొచ్చారు. పేరు స్తాన్జిన్. గడ్డకట్టిన చెరువుల మీద పదిహేనేళ్ళు ఆడినవాడు. ఆ ఎండకు అతని ముఖం అప్పటికే టమాటాలా ఉంది. గ్లాసు మీద గ్లాసు మజ్జిగ తాగుతూ కుర్చీలో కూర్చున్నాడు.

ఆట మొదలైంది. రిబ్కా “హాకీ హాకీ” అంటూ గీత దాటి వెళ్ళి ఒకేసారి ఇద్దరిని తాకి వచ్చింది. ఊరంతా ఈలలు వేసింది. స్తాన్జిన్ మజ్జిగ గ్లాసు కింద పెట్టి, కార్యదర్శితో హిందీలో ఏదో అన్నాడు. ఇది ఐస్ హాకీ కానే కాదన్నది అతని మాట. మైకు పట్టుకున్న పరాంకుశం గారు తనకు వచ్చిన హిందీ మేరకు ప్రజలకు వినిపించారు.

“ఇటువంటి ఐస్ హాకీ తాను ఎక్కడా చూడలేదని ముఖ్య అతిథి గారు సెలవిస్తున్నారు.”

చప్పట్లు మోగాయి. స్తాన్జిన్ లేచి నిలబడి చేతులు ఊపుతూ మళ్ళీ చెప్పబోయాడు. అది అభివాదం అనుకుని జనం మరింత గట్టిగా కొట్టారు. అతను నిస్సహాయంగా చుట్టూ చూస్తే, చూపు సైదులు మాస్టారి మీద ఆగింది. మాస్టారు రెండు చేతులూ జోడించారు. దేనికోసమో ఆ మనిషికి అర్థమైందో లేదో గానీ, మెల్లగా కూర్చున్నాడు.

మొదటి సగం అయ్యేసరికి కొలిమిగుట్ట ఏడు పాయింట్లు ముందుంది. రెండో సగంలో ఉప్పులేరు పిల్లలు వరుస నుంచి బాణాల్లా లేచి కొలిమిగుట్టవాళ్ళను ఒక్కొక్కరినే పట్టేశారు. తేడా కరిగిపోయింది. చివరి నిమిషానికి ఒక్క పాయింటు మిగిలింది. మైదానంలో రిబ్కా ఒక్కతే మిగిలింది. ఆ పిల్ల ఎన్నడూ ఆడని ఆట. వరుసల మధ్య పాములా మెలికలు తిరుగుతూ, ఊపిరాడక నోరు తెరుచుకుని, అరవై సెకన్లు పరుగెత్తింది. మాస్టారు విజిల్ ఊదాల్సిన సంగతి మరిచి నోట్లోనే కొరికి పట్టుకున్నారు. చివరికి భ్రమరాంబ గారే “టైమైందండి మాస్టారూ,” అని ఆయన భుజం తట్టింది.

ఒక్క పాయింటుతో కొలిమిగుట్ట లీగు విజేత. రెండు జట్ల పిల్లలూ ఒకేచోట దుమ్ములో పడి నవ్వుకుంటుంటే, స్తాన్జిన్ బూట్లు విప్పి లోపలికి వచ్చి, తనను కూడా ఒకసారి కూతకు పంపమని సైగ చేశాడు. ఉప్పులేరువాళ్ళు, కొలిమిగుట్టవాళ్ళు కలిసి అతన్ని పట్టారు.

సర్టిఫికెట్ వచ్చింది. జూలైలో రిబ్కాకు వ్యాయామ విద్య కాలేజీలో సీటు కూడా వచ్చింది. ఐస్ హాకీ కింద దరఖాస్తు చేసింది రాష్ట్రం మొత్తంలో ఆ పిల్ల ఒక్కతే. మాస్టారికి స్వీటు పెట్టడానికి వచ్చి, గుమ్మంలోనే నిలబడింది.

“కబడ్డీలో తెచ్చుకుని ఉంటే బాగుండేది మాస్టారూ,” అంది.

“నువ్వు ఆడింది ఏందో నీకు తెలుసు, నాకు తెలుసు. ఉప్పులేరులో ఇంకొకావిడకి తెలుసు,” అన్నారు మాస్టారు. “మనిషికి అంతమంది సాక్షులు చాలు.”

ఆ నెలాఖరున రాజధాని నుంచి మూల్యాంకన బృందం వచ్చింది. కొలిమిగుట్టలో ఐస్ హాకీ వేళ్ళూనుకుందని, ఇంటింటా పిల్లలు “హాకీ హాకీ” అంటూ గుక్కపట్టి పరుగెడుతున్నారని పొగిడి రాసింది. అలా పొగడటంతోనే జట్టు ఆయువు తీరింది. పథకం లేని ఆటల కోసం. ఐస్ హాకీ ఇప్పుడు కొలిమిగుట్టలో ఉన్న ఆట. ఉన్న ఆటను లేని ఆటల పథకం కింద కొనసాగించడానికి నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి జట్టును రద్దు చేశారు. నూట పదకొండు రోజులు బతికి, ఆడిన ఆట ఒక్కటీ ఓడకుండా, కొలిమిగుట్ట ఐస్ హాకీ జట్టు కనుమూసింది. హెల్మెట్లు పారిశుద్ధ్య విభాగానికి వెళ్ళాయి.

వారం తర్వాత పరాంకుశం గారు మాస్టారికి కబురు పెట్టారు.

“మాస్టారూ, ఈ ఏడాదికి మనకు కొత్త దత్తత క్రీడ కేటాయించబడినది. మన రికార్డుల్లో ఐస్ హాకీ తప్ప వేరే ఆట లేదు కనుక, పూర్తిగా కొత్తది ఇచ్చారు.” ఆయన కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివారు. “కబడ్డీ. మట్టిలో ఆడతారట. మంచు మీద అలవాటైన మీకు కొంత కష్టమే. ప్రాథమిక శిక్షణ పొంది పత్రం తెచ్చుకుంటేనే మైదానం తాళం ఇవ్వగలను. బొత్తిగా తెలియనివారికి మాత్రమే శిక్షణ. ముందే తెలిసినవారిని అనర్హులుగా పరిగణించి వెనక్కి పంపుతారు. ఆ ఇబ్బంది మీకు లేదనుకోండి.”

“లేదండి,” అన్నారు మాస్టారు.

జిల్లా కేంద్రంలో పదిరోజుల శిక్షణ. శిక్షకుడికి పాతికేళ్ళుంటాయి. తెల్లటి బూట్లు. ఆట మొత్తం తెరమీద బొమ్మలు చూపించి నేర్పాడు. చివరిరోజు అందరినీ బయటికి తీసుకెళ్ళి, సుద్దపొడితో గీత గీసి, “పెద్దాయనా, మీరు రండి. భయపడకండి. కూత పెడుతూ ఇటు వచ్చి నన్ను తాకి వెళ్ళాలి,” అన్నాడు.

సైదులు మాస్టారు చెప్పులు విప్పి గీత దగ్గర నిలబడ్డారు. ఆ కుర్రాడు నిలబడిన తీరు చూడగానే తెలిసింది, బరువంతా ఎడమకాలి మీద ఉంది. కుడివైపు నుంచి వెళితే కళ్ళు మూసుకుని తాకి రావచ్చు. మాస్టారు ఒకసారి ఊపిరి పీల్చుకుని, కూత అందుకుని, తిన్నగా ఎడమవైపు నుంచే వెళ్ళారు. శిక్షకుడు ఆయన మోకాలి దగ్గర పట్టుకున్నాడు. అక్కడ పట్టుకుంటే ఎవరూ పడరు. మాస్టారు కాస్త సర్దుకుని, చీలమండ అతని చేతికి అందించి, దుమ్ములో పడ్డారు.

శిక్షకుడు చెయ్యిచ్చి లేపాడు. “పర్లేదు పెద్దాయనా, మొదట్లో అందరూ ఇట్టాగే పడతారు. నేర్చుకుంటే వచ్చిద్ది.”

మాస్టారు మోచేతికి అంటిన మట్టి దులుపుకున్నారు. అరచేతిలో కొంచెం మిగిలితే దాన్ని అలాగే ఉంచుకున్నారు.

“ఆట బాగుందండి,” అన్నారు.